ఊపిరి గమనిస్తే బాధ్యత తీరిపోతుందా?

మన హేతువాద మిత్రుల్లో కొందరికి ఒక బలహీనత ఉంది. కాషాయం కట్టినవాడు చెబితే వెయ్యి ప్రశ్నలు వేస్తారు. అదే మాట తెల్లకోటు వేసుకున్నవాడు, తెర మీద మెదడు బొమ్మ చూపించి చెబితే తల ఊపేస్తారు. మన ప్రశ్నలు ఎదుటివాడి బట్టలను బట్టి మారకూడదు. మారితే అది హేతువాదం కాదు, బట్టల మీద అభిప్రాయం మాత్రమే.

"మైండ్‌ఫుల్‌నెస్" విషయంలో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. స్కిజోఫ్రెనియా ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకునే తల్లులకు, భార్యలకు, అన్నదమ్ములకు ఒత్తిడి తగ్గించాలంటే ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఇవ్వాలని చెప్పే పరిశోధనా వ్యాసాలు చాలా వస్తున్నాయి. వాటిని చూపించి ఒక మిత్రుడు నన్ను అడిగారు: "ఇందులో దేవుడు లేడు, మంత్రం లేదు, పెద్ద ఖర్చూ లేదు. దీనికి కూడా అభ్యంతరమేనా మీకు?"

అభ్యంతరమే. నేను డాక్టర్ని కాదు. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి, రిటైరయ్యి గరాచర్మలో ఉంటున్నవాణ్ణి. కాబట్టి నా అభ్యంతరం కూడా లెక్కల అభ్యంతరమే. ఒక బిల్లు నా బల్ల మీదకి వస్తే మూడు ప్రశ్నలు వేసేవాణ్ణి. వచ్చిన సరుకు ఎంత? అది అడిగిన సరుకేనా? ఖర్చు ఏ పద్దు కింద రాశారు? ఈ బిల్లుకి కూడా అవే మూడు ప్రశ్నలు వేస్తాను.

పుట్టుక సంగతి

ముందు ఒక మాట. దీని పుట్టుక బౌద్ధంలో ఉంది కాబట్టి తోసిపుచ్చాలని నేను అనడం లేదు. పాళీలో "సతి" అనే మాటకి "మైండ్‌ఫుల్‌నెస్" అనే ఇంగ్లీషు మాటని 1881లో రిస్ డేవిడ్స్ వాడాడు. ఇరవయ్యో శతాబ్దంలో బర్మాలో విపశ్యన నేర్పినవాళ్ళలో ఊ బా ఖిన్ ఒకరు. ఆయన స్వతంత్ర బర్మాకి మొదటి అకౌంటెంట్ జనరల్. అంటే మా వృత్తివాడే. ఆఫీసులోనే సిబ్బందికి ధ్యానం నేర్పాడు. ఆయన శిష్యుడు గోయెంకా 1969లో ఇండియాకి వచ్చి శిబిరాలు మొదలుపెట్టాడు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఈ సాధన నుంచి కర్మ, పునర్జన్మ, నిర్వాణం వంటివి తీసేసి, ఎనిమిది వారాల ఒత్తిడి తగ్గింపు కోర్సు తయారుచేశాడు. మొదట్లో అది ఎంతకీ తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం.

మతం నుంచి పుట్టిందని తోసేయడం ఎంత తప్పో, మతం తీసేశారు కాబట్టి సైన్సు అయిపోయిందనుకోవడం అంతే తప్పు. దేవుణ్ణి తీసేస్తే మిగిలేది సైన్సు కాదు. ఋజువు పెడితేనే సైన్సు. మరి ఋజువు ఎంత ఉంది?

వచ్చిన సరుకు ఎంత?

2014లో గోయల్, ఆయన సహచరులు అమెరికా వైద్య సంఘం వారి పత్రికలో ఒక పెద్ద సమీక్ష వేశారు. 47 ప్రయోగాలు, 3,515 మంది మనుషులు. తేల్చింది ఏమిటంటే: మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం వల్ల ఆందోళన, కుంగుబాటు కొద్దిగా తగ్గుతాయి. ఒత్తిడి విషయంలో ఆధారం బలహీనం. ఇక మందులు, వ్యాయామం, ఇతర మానసిక చికిత్సల కంటే ధ్యానం మెరుగని చెప్పడానికి ఆధారం దొరకలేదు. ఇది ధ్యానానికి శత్రువులు రాసినది కాదు, ఉన్న ప్రయోగాలన్నీ తూకం వేసి రాసినది. కొద్దిగా లాభం ఉంది. ఉన్నది ఉందని ఒప్పుకుంటాను.

మెదడు బొమ్మల సంగతీ చూద్దాం. ఎనిమిది వారాల కోర్సుతో మెదడులో బూడిదరంగు పదార్థం పెరిగిందని 2011లో వచ్చిన వ్యాసాన్ని ఇప్పటికీ ఉపన్యాసాల్లో చూపిస్తుంటారు. అందులో కోర్సు చేసినవాళ్ళు 16 మంది. 2022లో విస్కాన్సిన్ పరిశోధకులు, అంటే ధ్యానం మీద సానుభూతి ఉన్నవాళ్ళే, రెండు వందల మందికి పైగా మనుషుల మీద అదే పరీక్ష మరింత జాగ్రత్తగా చేశారు. మెదడు నిర్మాణంలో కోర్సు వల్ల మార్పేమీ కనిపించలేదు. ఉపన్యాసకులు మొదటి వ్యాసం చూపిస్తారు, రెండోది చూపించరు. ఇలాంటి పనిని మా ఆఫీసులో జమ మాత్రం చూపి ఖర్చు దాచడం అనేవాళ్ళం.

అదే 2022లో బ్రిటన్‌లో 80కి పైగా బడుల్లో 8 వేలకు పైగా పిల్లల మీద చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మామూలుగా బడుల్లో జరిగే పాఠాల కంటే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు పిల్లల మానసిక ఆరోగ్యానికి మేలు చేశాయని తేలలేదు. అంతకు ముందు చిన్న చిన్న ప్రయోగాలు ఆశాజనకంగానే కనిపించాయి మరి. చిన్న సంచిలో తూకం వేసినప్పుడు బాగానే ఉంది, బస్తా తూచేసరికి తరుగు తేలింది.

ఇక రోగిని చూసుకునేవాళ్ళ మీద చేసే ప్రయోగాలు. వీటిలో చాలావాటి నమూనా ఇలా ఉంటుంది. కొన్ని పదుల మందిని తీసుకుంటారు. సగం మందికి శిక్షణ ఇస్తారు. మిగతా సగాన్ని "మీ వంతు తరవాత వస్తుంది" అని కూర్చోబెడతారు. మొదట్లో ఒక ప్రశ్నపత్రం, చివర్లో అదే ప్రశ్నపత్రం. శిక్షణ పొందినవాళ్ళకి మార్కులు మెరుగైతే శిక్షణ పనిచేసిందని రాస్తారు.

ఇందులో లోపం చూడండి. శిక్షణ పొందినవాళ్ళకి అందింది ధ్యానం ఒక్కటే కాదు. వారానికోసారి ఇల్లు దాటి బయటికి వచ్చారు. తమలాంటి మరో పదిమందిని కలిశారు. చదువుకున్నవాళ్ళు ఎదురుగా కూర్చుని "మీకెలా ఉంది?" అని అడిగారు. కొన్ని ఇళ్ళల్లో పదేళ్ళుగా ఆ ప్రశ్న అడిగినవాళ్ళే ఉండరు. ఇవన్నీ కలిపి ఇచ్చి, లాభమంతా ఊపిరి ఖాతాలో జమ వేస్తే ఎలా? వారం వారం టీ ఇచ్చి కబుర్లు చెప్పుకోనిచ్చిన మరో గుంపుతో పోల్చి చూపించమనండి. అప్పుడు మాట్లాడదాం.

ఎండుద్రాక్ష కథ

మా దగ్గర కొంతకాలం క్రితం ఇలాంటి శిక్షణ ఒకటి జరిగింది. ఎవరు జరిపారన్నది ఇక్కడ అప్రస్తుతం. మా వీధిలో ఉన్న ఒకావిడకి తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడది శ్రీకాకుళం జిల్లా. అండమాన్ జనాభాలో నూటికి పదమూడు మంది దాకా తెలుగువాళ్ళమే, అందులో ఉత్తరాంధ్ర నుంచి కూలికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవిడ భర్త పోయాడు. ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతోంది. కొడుక్కి ముప్పై దాటాయి. పన్నెండేళ్ళుగా స్కిజోఫ్రెనియా.

కొడుకుని పక్కింటివాళ్ళకి అప్పగించి, ఆ పూట బండి మూసుకుని వచ్చింది. శిక్షకురాలు హిందీలో చెప్పింది. అందరికీ తలా ఒక ఎండుద్రాక్ష ఇచ్చి, దాన్ని చూడండి, వాసన చూడండి, నెమ్మదిగా నోట్లో వేసుకోండి, పూర్తి ధ్యాసతో తినండి అంది. ఈ కోర్సులో ఇది ప్రసిద్ధమైన అభ్యాసం, ప్రపంచమంతా చేయిస్తారు. మా ఆవిడ తినలేదు. కొంగున ముడేసుకుంది. కొడుక్కి ఎండుద్రాక్ష ఇష్టమట.

చివర్లో ప్రశ్నపత్రం. ఆవిడకి హిందీ, ఇంగ్లీషు చదవడం రాదు. ఒక అమ్మాయి పక్కన కూర్చుని ప్రశ్నలు చదివి టిక్కులు పెట్టింది. "అమ్మా, ఇప్పుడు మనసు తేలిగ్గా ఉందా?" అని అడిగితే "బాగుందమ్మా" అంది. అంత దూరం నుంచి వచ్చి, కూర్చోబెట్టి, మర్యాదగా మాట్లాడిన పిల్లతో ఇంకేమంటుంది? మన ఇళ్ళల్లో భోజనం చేసి "కూర బాగోలేదు" అని ఎంతమంది చెబుతారు? ఆ మర్యాద కాస్తా ప్రశ్నపత్రంలో "ఒత్తిడి తగ్గింది" అయింది.

మూడో వారం నుంచి ఆవిడ రాలేదు. వారానికో పూట బండి మూసుకుంటే గిట్టుబాటు కాదు కదా. ఇలాంటివాళ్ళని పరిశోధనా వ్యాసాల్లో "మధ్యలో మానేసినవారు" అంటారు. చాలాసార్లు చివరిదాకా ఉన్నవాళ్ళ మార్కులతోనే సగటు కడతారు. చివరిదాకా ఉండగలిగేది ఎవరు? ఇంట్లో మరో మనిషి ఉన్నవాళ్ళు, జీతం ఆగనివాళ్ళు. అంటే బరువు తక్కువ ఉన్నవాళ్ళని మిగుల్చుకుని, బరువు తగ్గిందని ప్రకటించడం.

అడిగిన సరుకేనా?

రోగి కుటుంబం మీద పడే బరువుని కొలవడానికి మన దేశంలోనే మంచి పని జరిగింది. 1981లో శైలా పాయ్, ఆర్.ఎల్. కపూర్ ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో పద్దులు ఆరు: డబ్బు నష్టం, ఇంటి దినచర్య చెడిపోవడం, విశ్రాంతి పోవడం, ఇంట్లోవాళ్ళ మధ్య సంబంధాలు దెబ్బతినడం, చూసుకునేవాళ్ళ శరీర ఆరోగ్యం, వాళ్ళ మానసిక ఆరోగ్యం. 1998లో చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు 40 ప్రశ్నలతో మరో కొలమానం ఇచ్చారు.

ఆ ఆరు పద్దులూ మా వీధి ఆవిడకి వేసి చూడండి. బండి మూసిన పూట కూలి పోయింది: డబ్బు. రాత్రి కొడుకు నిద్రపోడు, తెల్లవారుజామున మూడింటికి పిండి రుబ్బాలి: దినచర్య. పెళ్ళికీ పేరంటానికీ వెళ్ళి ఏళ్ళయింది: విశ్రాంతి. కూతురి అత్తవారు రాకపోకలు తగ్గించారు: సంబంధాలు. బీపీ, మోకాళ్ళ నొప్పులు: శరీరం. ఇవన్నీ కలిసి మనసు మీద పడ్డ భారం: ఆరోది. మైండ్‌ఫుల్‌నెస్ ముట్టుకునేది ఆ ఆరోదాన్ని మాత్రమే. మొదటి అయిదూ అలాగే ఉంటాయి. ఆరోది ఆ అయిదింటి మొత్తం అని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. పైన అంకెలు మార్చకుండా కింద మొత్తం మాత్రం దిద్దడాన్ని మా శాఖలో ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో లెక్క. అసలైన కోర్సు ఎంతసేపు? వారానికి రెండున్నర గంటల చొప్పున ఎనిమిది తరగతులు: 20 గంటలు. ఇంటి దగ్గర రోజుకి 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు: 36 గంటలు. మధ్యలో ఒక రోజంతా మౌనం: ఏడు గంటలు అనుకుందాం. మొత్తం 63 గంటలు. ఈ 63 గంటలు రోగిని ఎవరు చూడాలి? దీనికి జవాబు లేకుండా కోర్సు పెట్టినవాడు ఆకలేస్తోందంటే రోకలి మింగమన్నవాడే. జవాబు ఉందంటారా, మనిషిని ఏర్పాటు చేశామంటారా, అయితే ఇంకా మంచిది. ఒక ప్రయోగం చెయ్యండి. సగం మందికి 63 గంటల మైండ్‌ఫుల్‌నెస్. మిగతా సగానికి ఏ శిక్షణా వద్దు, 63 గంటలు వాళ్ళ బదులు ఎవరైనా రోగిని చూడండి, వాళ్ళని నిద్రపోనివ్వండి. ఆఖర్న ప్రశ్నపత్రం ఇవ్వండి. ఎవరికి ఒత్తిడి తగ్గుతుందో పందెం కాయడానికి నేను సిద్ధం.

భవిష్యత్తు గురించి భయం రోగం కాదు

ఈ శిక్షణలో మూలసూత్రం ఏమిటి? జరిగిపోయినదాని గురించి, జరగబోయేదాని గురించి ఆలోచనలు వస్తే వాటిని గమనించి వదిలేసి, ఈ క్షణంలోకి రండి అని. పరీక్షకి వణికే కుర్రాడికి ఇది పనికి రావచ్చు. నేను కాదనను.

కానీ మా వీధి ఆవిడ నన్ను కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతుంది: "నాను పోయాక ఈడినెవులు సూత్తారు బాబూ?" స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళ తల్లిదండ్రుల్ని ఎవర్ని కదిపినా ఈ ప్రశ్నే వస్తుంది. ఇది అర్థంలేని ఆందోళనా? తల్లికి అరవై, కొడుక్కి ముప్పై నాలుగు. ఆవిడ ముందు పోతుంది. అతను మిగులుతాడు. ఇల్లు అద్దెది. మందు వేసేవాళ్ళు ఉండరు. ఇది భ్రమ కాదు, ముదుపు. రాబోయే అప్పుని ఇప్పుడే లెక్కలో చూపించేవాణ్ణి మంచి అకౌంటెంటు అంటాం. అదే పని ఒక తల్లి చేస్తే "ఆలోచనలు ఎక్కువయ్యాయి, ఊపిరి మీద ధ్యాస పెట్టు" అంటామా? ఆవిడకి భయం తగ్గించే మార్గం ఒకటే ఉంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం.

హేతువాదులు ముందు ఇక్కడ మేలుకోవాలి. కర్మ అనుభవించాలమ్మా అన్న పూజారికీ, ఉన్నదాన్ని ఉన్నట్టు అంగీకరించమ్మా అన్న శిక్షకురాలికీ మాట వేరు కావచ్చు. వినే తల్లికి అందే సందేశం మాత్రం ఒకటే: మారవలసింది నువ్వే, మరెవరూ కాదు.

మరి పనిచేసేవి ఉన్నాయా?

ఉన్నాయి. పాతవే. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లోనే రోగుల బంధువుల్ని ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి ఉంచుకున్నారు. జబ్బు గురించి వాళ్ళకి నేర్పారు. ఇంగ్లండులో జార్జి బ్రౌన్, తరవాత వాన్, లెఫ్ గమనించింది ఏమిటంటే, ఇంట్లో విమర్శ, కోపం, అతి జోక్యం ఎక్కువగా ఉండి, వారానికి 35 గంటలకు మించి రోగీ కుటుంబం ఎదురెదురుగా గడిపే చోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఇందులో కుటుంబం నేరం ఏమీ లేదు. జబ్బు లక్షణాన్ని బద్ధకం అనుకుంటే ఎవరికైనా కోపం వస్తుంది. అది జబ్బు లక్షణమని ఎవరైనా విడమరచి చెబితే కోపం తగ్గుతుంది. కుటుంబానికి ఇలా నేర్పే పద్ధతుల మీద 53 ప్రయోగాలను 2010లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. జబ్బు తిరగబెట్టడం తగ్గవచ్చని తేల్చింది. ప్రయోగాల నాణ్యత అంతంత మాత్రం కాబట్టి లాభం కాస్త ఎక్కువగా కనిపిస్తూ ఉండవచ్చని కూడా హెచ్చరించింది. అలా హెచ్చరించడం నిజాయితీ.

బరువు కొలిచే ప్రశ్నావళి చేసిన పాయ్, కపూర్‌లే 1980ల మొదట్లో మరో పని చేశారు. కొందరు స్కిజోఫ్రెనియా రోగుల్ని ఆసుపత్రిలో చేర్చారు, కొందరిని ఇంట్లోనే ఉంచి ఒక నర్సు వెళ్ళి చూసి వచ్చే ఏర్పాటు చేశారు. నర్సు వెళ్ళిన ఇళ్ళల్లో రోగి పరిస్థితి మెరుగైంది, కుటుంబం మీద బరువు తగ్గింది, ఖర్చు కూడా తక్కువైంది. ఒక్క నర్సు. నలభై ఏళ్ళ కిందటి మాట ఇది. 2014లో లాన్సెట్‌లో వచ్చిన మన దేశపు ప్రయోగంలో మూడు చోట్ల 282 మంది రోగుల మీద, సమాజంలో నుంచే తీసుకుని శిక్షణ ఇచ్చిన కార్యకర్తల్ని ఇళ్ళకి పంపి చూశారు. లక్షణాలు, వైకల్యం కొంత తగ్గాయి. లాభం పెద్దదేమీ కాదు, తమిళనాడులో బాగా, మిగతా చోట్ల అంతంత మాత్రం. అయినా అది రోగి జబ్బు మీద పనిచేసిన లాభం. జబ్బు తగ్గితే తల్లి ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది.

ఇక అన్నిటికంటే ముందుది మందు. మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది. రోజూ మాత్ర వేసుకోనివాళ్ళకి నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు దశాబ్దాల నుంచీ ఉన్నాయి. కానీ దీవుల్లో బతికేవాళ్ళకి దూరం అంటే ఏమిటో తెలుసు. సెల్యులార్ జైల్లో చిత్రహింసలకి మతి చలించిన ఉల్లాస్‌కర్ దత్తాని ఇక్కడి పిచ్చాసుపత్రిలో పెట్టి, ఆపైన సముద్రం దాటించి మద్రాసు పంపారు. అది వందేళ్ళ కిందటి మాట. మా వీధి కుర్రాడికి జబ్బు ముదిరినప్పుడు వాళ్ళమ్మ కూడా ఓడలో విశాఖకి, చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ మధ్యలో మన దేశంలో మానసిక ఆరోగ్యం మీద ఎన్నో పథకాలు వచ్చాయి. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. మా ఆవిడకి మాత్రం జబ్బు మనిషితో ఓడెక్కడం తప్పలేదు.

ఏ పద్దు కింద రాశారు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం చదవండి. ప్రభుత్వం కల్పించవలసిన సేవల్లో ఆసుపత్రి సేవలు, హాఫ్‌వే హోములు, ఆసరా నివాసాలు ఉన్నాయి. వాటితోపాటు మానసిక రోగి కుటుంబానికి తోడ్పడే సేవలు, ఇంటి దగ్గరే పునరావాసం కూడా ఉన్నాయి. తల్లి అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే! చట్టంలో రాసి ఉంది. అండమాన్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. కాబట్టి ఇక్కడ బాధ్యత ఎవరిదన్న వాదన కూడా అక్కర్లేదు, నేరుగా కేంద్రానిదే.

అమలు సంగతి చూస్తే కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు దుడ్డులా ఉండాలి అన్నట్టుంది. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం చికిత్స అందనివాళ్ళు రుగ్మతని బట్టి 70 నుంచి 92 శాతం. 2022 అక్టోబరులో 14416 నంబరుతో టెలీ-మానస్ మొదలైంది. మంచిదే. కానీ ఫోను మందు వెయ్యదు, రాత్రి కాపలా కాయదు.

డబ్బు సాయం చూడండి. ఆధారపడ్డ వికలాంగుల కోసం ఆదాయపు పన్నులో 80డిడి పేరుతో మనకి తెలిసిన మినహాయింపు 75 వేలు, తీవ్ర వైకల్యమైతే లక్షా పాతికవేలు. 2023-24 నుంచి మామూలు విధానంగా మారిన కొత్త పన్ను పద్ధతిలో అది లేదు. ఉన్నా, పన్ను కట్టేంత ఆదాయం లేని ఇడ్లీ బండి ఆవిడకి దానివల్ల ఒరిగేదేమిటి? 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. స్కిజోఫ్రెనియా అందులో లేదు.

నాకు బాగా తెలిసిన విషయం ఒకటి చెబుతాను, ఈ వ్యాసంలో మరేదీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు కొడుకు గాని కూతురు గాని మానసిక వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేని స్థితిలో ఉంటే, నిబంధనల ప్రకారం వారి వంతు వచ్చాక జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. వైద్య ధ్రువపత్రం కావాలి, ఆదాయ పరిమితి ఉంది. తల్లిదండ్రులు బతికి ఉండగానే ఆ పేరు పింఛను కాగితాల్లో ఎక్కించుకోవచ్చు. ఎక్కించకుండా ఇద్దరూ పోతే, నడవలేని మనసున్న ఆ మనిషి ఆఫీసుల చుట్టూ నడవాలి. నా సర్వీసులో అలాంటి ఫైళ్ళు చూశాను. తెలిసిన పింఛనుదారు కుటుంబం ఒక్కటి ఉన్నా ఈ రోజే చెప్పండి. ఆ ఒక్క కాగితం ఇచ్చే నిద్ర ఎనిమిది వారాల ఊపిరి ఇవ్వదు.

ఇప్పుడు మూడో ప్రశ్నకి జవాబు చెప్పవచ్చు. ప్రభుత్వం చెల్లించవలసిన బాకీని తల్లి మనసు పేర ఖర్చు రాస్తున్నారు. ఇది తప్పు పద్దు. నా అభ్యంతరం ఇదే.

కొన్ని ఎదురు ప్రశ్నలు

"ప్రభుత్వం ఎలాగూ చెయ్యదు, ఇదైనా ఉండనివ్వకూడదా?" ఉండనివ్వండి. ఇష్టపడి చేసుకునేవాళ్ళని ఆపమని నేను అనలేదు. కానీ ప్రభుత్వం ఎలాగూ చెయ్యదు అనే మాట ప్రభుత్వానికి ఎంత హాయో ఆలోచించండి. నర్సుని వేస్తే జీతం, పింఛను ఇవ్వాలి. వర్క్‌షాపుకి ఒక బ్యానరు, ఒక ఫోటో చాలు. కుటుంబ సేవలు అందిస్తున్నామని నివేదికలో రాసుకోవడానికి చవకైన దారి దొరికితే ఖరీదైన దారి ఎవడు వెతుకుతాడు?

"హాని లేదు కదా?" చూసుకునేవాళ్ళకి చాలావరకు లేకపోవచ్చు. కానీ ఉత్సాహం కొద్దీ రోగిని కూడా సుదీర్ఘ ధ్యాన శిబిరాలకి పంపవద్దు. తీవ్రమైన మానసిక రుగ్మత ఉన్నవాళ్ళు రావద్దని విపశ్యన శిబిరాలు నడిపేవారే చెబుతారు.

"భూతవైద్యం కంటే నయమే కదా?" నయమే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయినప్పుడు హేతువాదులు గొంతెత్తారు, న్యాయమే. కానీ వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళింది మూఢనమ్మకం ఒక్కటేనా? దగ్గర్లో చికిత్స లేకపోవడం, ఇంట్లో చూసే మనిషి లేకపోవడం కూడా. భూతవైద్యుణ్ణి పట్టిచ్చి మన పని అయిపోయిందనుకుంటే, ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు వస్తారు. నిన్న వేపమండలతో వచ్చారు, ఇవాళ ఎండుద్రాక్షతో వచ్చారు.

మీ ఊళ్ళో ఇలాంటి శిక్షణ పెట్టినప్పుడు వెళ్ళండి, వెటకారం చెయ్యకండి, మర్యాదగా లేచి ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పూట వీళ్ళ ఇంట్లో రోగిని ఎవరు చూస్తున్నారు? మధ్యలో మానేసినవాళ్ళని లెక్కలో కలిపారా? ఈ జిల్లాలో ఇంటికి వచ్చే మానసిక ఆరోగ్య నర్సులు ఎంతమంది? 18వ సెక్షన్ కింద కుటుంబాలకి ఇవ్వవలసిన సేవల మీద ఈ ఏడాది ఎంత ఖర్చు పెట్టారు? చివరి రెండూ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో రాతపూర్వకంగా కూడా అడగవచ్చు.

ఆ జవాబులు తెప్పించుకుందాం. ఊపిరి గమనించడం ఆ తరవాత, తీరిక ఉన్నవాళ్ళం చేసుకోవచ్చు.